నాయక్ నుండి సహాయక ఫౌజ్‌దారు వరకు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాజీ సైనికులు పౌర ఉద్యోగాలలో చేసిన సేవను గురించి అరగంట సేపు మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. ఇలాంటి సందర్భాలలో మేజర్లను, కల్నల్‌లను తలుచుకోవడం రివాజు. వారంటే గౌరవం లేక కాదు గాని, గుమాస్తాగా చేరి గుమాస్తాగానే రిటైరయిన నాబోటివాడికి కల్నల్ కంటె నాయక్ దగ్గరివాడు. అందుచేత ఈ రోజు ఒక నాయక్‌ను గురించి చెప్పదలిచాను. ఆయన పేరు తుకారాం గోపాల్ ఓంబ్లే. సైన్యంలో నాయక్‌గా పనిచేసి వచ్చి, ముంబయి పోలీసు శాఖలో చేరి, అసిస్టెంట్ సబ్‌ఇన్‌స్పెక్టర్ అయినవారు.

పేరు వినగానే మీలో చాలామందికి గుర్తుకు వచ్చే ఉంటుంది. 2008లో ముంబయి మీద దాడి జరిగినప్పుడు కసబ్‌ను పట్టుకొన్న పోలీసు ఆయనే. ఆ ఒక్క నిమిషం సంగతి దేశమంతటికీ తెలుసు. ఆ నిమిషానికి ముందు ఉన్న రెండు సర్వీసుల సంగతి, ఆ నిమిషం తరువాత పుట్టిన కాగితాల సంగతి ఎవరూ అంతగా చెప్పరు. నేను ఆ రెండూ మనవి చేస్తాను. కాగితాల సంగతి నాకు కాస్తో కూస్తో తెలిసిన విద్యే గదా.

ఓంబ్లేగారిది మహారాష్ట్రలో సతారా జిల్లా, జావళి తాలూకా, కేడంబే అనే చిన్న పల్లె. 1954లో పుట్టారు. అది సహ్యాద్రి కొండల ప్రాంతం. అక్కడి మగపిల్లలకు తరతరాలుగా ఉన్న దారులు రెండే. ఒకటి, ముంబయి పోయి మిల్లులోనో మూటల పనిలోనో చేరడం. రెండవది పట్టాళం. ఆ జిల్లాలోనే అప్షింగే అనే ఊరు ఉన్నది. దాని పేరు చివర 'మిలిటరీ' అని చేర్చి మరీ పిలుస్తారు. ఇది వింతగా తోచనక్కరలేదు. మన పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం లేదూ? మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుండి ఇంటికొకరు చొప్పున సైన్యానికి పంపిన ఊరని దానిని 'మిలిటరీ మాధవరం' అంటాము. అటువంటి ఊళ్ళలో కుర్రవాడు సైన్యంలో చేరడం పెద్ద విశేషం కాదు. చేరకపోతేనే నలుగురూ అడుగుతారు.

ఓంబ్లేగారు పనిచేసినది సిగ్నల్స్ దళం. 1911లో ఏర్పడిన దళం అది. దాని నినాదం 'తీవ్ర చౌకస్', అంటే చురుకు, అప్రమత్తత. ముందు వరుసలో ఉన్న దళానికీ, వెనుక ఉండి ఆజ్ఞలిచ్చే అధికారికీ మధ్య మాట తెగిపోకుండా చూడడం వీరి పని. టెలిఫోను తీగలు వేయాలి, తెగిపోతే అతకాలి, వైర్‌లెస్ దగ్గర కూర్చోవాలి. వచ్చిన మాట వచ్చినట్లు అందించాలి. అందులో ఒక్క ముక్క తగ్గరాదు, సొంత కవిత్వం ఒక్క ముక్క చేరరాదు. మన ఆఫీసులలో ఇన్‌వర్డ్, అవుట్‌వర్డ్ రిజిస్టర్లు రాసినవారికి ఈ పని విలువ వేరే చెప్పనక్కరలేదు. పేరు రాదు, తప్పు జరిగితే మాత్రం మొదట అడిగేది వాళ్ళనే. ఆ దళంలో ఓంబ్లేగారు నాయక్ హోదా వరకు వచ్చారు. నాయక్ అంటే చేతి మీద రెండు పట్టీలు.

ఇక్కడ మన పిల్లల కోసం ఒక మాట చెప్పాలి. మనలాగా యాభైఎనిమిదికో అరవైకో సైన్యంలో జవాను రిటైర్ కాడు. పదిహేనేళ్ళ సర్వీసు నిండితే పెన్షనుకు అర్హత వస్తుంది. ముప్పైఅయిదు, నలభై ఏళ్ళకే పెట్టె సర్దుకొని ఇంటికి వచ్చేవారే ఎక్కువ. అప్పటికి పిల్లలు ఇంకా బడిలో ఉంటారు, ఇంట్లో పెద్దవాళ్ళుంటారు, ఒక్క పెన్షనుతో సంసారం ఈదడం కష్టం. కాబట్టి రెండవ ఉద్యోగం వెతుక్కోక తప్పదు. వీరి కోసమే 1979లో కేంద్ర ప్రభుత్వం పునర్నియామక నియమాలు చేసింది. గ్రూపు-సి పోస్టులలో నూటికి పది, ఆనాడున్న గ్రూపు-డి పోస్టులలో నూటికి ఇరవై మాజీ సైనికులకు కేటాయించింది. వయస్సు సడలింపు లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. అభ్యర్థి అసలు వయస్సులో నుండి సైనిక సర్వీసు తీసివేయాలి. మిగిలినది ఆ పోస్టుకు గరిష్ఠ వయస్సు కంటె మూడేళ్ళకు మించి ఎక్కువ కాకపోతే చాలు. పదిహేడేళ్ళు పనిచేసి వచ్చిన ముప్పైఎనిమిదేళ్ళ మనిషి, ఈ లెక్కన ఇరవైఒక్క ఏళ్ళ కుర్రవాడు అవుతాడు. కాగితం మీదనే సుమండీ! ఇంటి దగ్గర ఆయన వయస్సు ఆయనకు ఉండనే ఉంటుంది.

మా సెక్షనులో అలా వచ్చిన హవల్దారు ఒకాయన జూనియర్ అసిస్టెంటుగా చేరాడు. వయస్సు నలభై. మా సూపరింటెండెంటుకు ముప్పైరెండు. మొదటి రోజుల్లో సూపరింటెండెంటు పిలిస్తే చాలు, కుర్చీ వెనక్కి జరిపి మడమలు కలిపి నిలబడేవాడు. కుర్రగుమాస్తాలు నవ్వుకొనేవారు. 'మిలిటరీ' అని పేరు కూడా పెట్టారు. ఆయన పట్టించుకోలేదు. ఒకసారి నేనే అడిగాను, అక్కడ పదిమంది మీద అజమాయిషీ చేసి వచ్చినవారు, ఇక్కడ కుర్రవాడి కింద పనిచేయడం కష్టంగా లేదా అని. ఆయన ఫైలు దారం ముడి వేస్తూ, "అక్కడ అయిపోయిందండీ, ఇక్కడ మొదలుపెట్టాను" అన్నాడు. ఈ ప్రసంగానికి కాగితాలు చూసుకొంటున్నంతసేపూ నాకు ఆయన మాటే గుర్తుకు వస్తూ ఉన్నది.

ఎందుకంటే ఓంబ్లేగారు కూడా అలాగే మొదలుపెట్టారు. 1991లో ముంబయి పోలీసులో కానిస్టేబుల్‌గా చేరారు. అంటే అప్పటికి వయస్సు ముప్పైఅయిదు దాటింది. సైన్యంలో సంపాదించిన రెండు పట్టీలు అక్కడే వదిలిపెట్టి, ఇరవై ఏళ్ళ కుర్రవాళ్ళతో కలిసి మళ్ళీ అట్టడుగు మెట్టు మీద నిలబడ్డారన్నమాట. అక్కడి నుండి పదిహేడేళ్ళలో అసిస్టెంట్ సబ్‌ఇన్‌స్పెక్టర్ హోదాకు వచ్చారు. మరాఠీలో ఆ హోదాను 'సహాయక ఫౌజ్‌దారు' అంటారు. నిజాం కాలం నాటి పెద్దలకు ఫౌజుదారు అనే మాట కొత్త కాదు. ఫౌజు అంటే సైన్యమే. నాయక్, హవల్దారు, జమేదారు, ఫౌజుదారు – పోలీసు కొలువులో ఉన్న ఈ పేర్లన్నీ సైన్యం నుండి వచ్చినవే. ఒక కొలువు వదిలి మరో కొలువులో చేరినా ఆయనకు పేర్లు మాత్రం పాతవే.

ఈ పదిహేడేళ్ళ గురించి పత్రికలలో పెద్దగా ఏమీ లేదు. ఉండదు కూడా. బందోబస్తులు, రాత్రి గస్తీలు, సమన్లు అందజేయడం, పండుగలకు సెలవు దొరకకపోవడం – ఇవి వార్తలు కావు. నగరంలో ఉండి నలుగురు ఆడపిల్లలను పెంచారు. ముంబయిలో మన తెలుగువారు లేరా అంటే, వర్లీ, లోయర్ పరేల్ మిల్లు పేటలలో మన నేత కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఇటువంటి పోలీసు జమేదార్లను వారు రోజూ వీధిలో చూస్తూనే ఉండి ఉంటారు. చూసినా ప్రత్యేకించి గుర్తుపెట్టుకొనే కారణం ఏమీ ఉండదు.

ఇక ఆ రాత్రి సంగతికి వస్తాను.

2008 నవంబరు 26, బుధవారం. కరాచీ నుండి సముద్రం మీద బయలుదేరిన పదిమంది, దారిలో 'కుబేర్' అనే మన చేపల పడవను పట్టుకొని, చీకటి పడ్డాక దక్షిణ ముంబయిలో బధ్వార్ పార్కు దగ్గర దిగారు. జట్లుగా చీలిపోయి తాజ్ హోటలుకు, ఒబెరాయ్ హోటలుకు, నారిమన్ హౌస్‌కు, లియోపోల్డ్ కెఫెకు పోయారు. ఇస్మాయిల్ ఖాన్, అజ్మల్ కసబ్ అనే ఇద్దరు ఛత్రపతి శివాజీ టెర్మినస్ రైల్వే స్టేషనులో ప్రవేశించి, రైలు కోసం కూర్చున్న జనం మీద కాల్పులు జరిపారు. అక్కడే యాభైమందికి పైగా చనిపోయారు. మూటా ముల్లె దగ్గర పెట్టుకొని, పిల్లలను ఒళ్ళో పడుకోబెట్టుకొని ఊళ్ళకు పోయే బండి కోసం చూస్తున్నవారు.

ఆ రాత్రి చిన్న ఉద్యోగులు చేసిన పనులు కొన్ని ఇక్కడే చెప్పాలి, లేకపోతే మన సంఘంలో చెప్పి ప్రయోజనం ఉండదు. ఆ స్టేషనులో అనౌన్సరు విష్ణు జెండే, తన గది అద్దం వెనుక నుండి అంతా చూస్తూ, ప్రయాణికులు ఏ వైపుకు పోవాలో మైకులో చెబుతూనే ఉన్నాడు. ఆ తరువాత దుండగులు కామా ఆసుపత్రిలో చొరబడ్డారు. అక్కడ నర్సు అంజలి కుల్థే, తన వార్డులోని ఇరవైమంది గర్భిణీ స్త్రీలను ఒక చిన్న గదిలోకి చేర్చి కాపాడింది. తరువాత కోర్టులో సాక్ష్యం కూడా చెప్పింది. వీరెవ్వరూ గెజిటెడ్ అధికారులు కారు.

ఆసుపత్రి పక్క సందులో ఇస్మాయిల్, కసబ్ పొంచి ఉండి పోలీసు వాహనం మీద కాల్చారు. ఉగ్రవాద నిరోధక దళం అధిపతి హేమంత్ కర్కరే, అదనపు కమిషనర్ అశోక్ కామ్టే, ఇన్‌స్పెక్టర్ విజయ్ సాలస్కర్ ముగ్గురూ ఒకే చోట ప్రాణాలు కోల్పోయారు. అదే వాహనంలో వెనుక గాయాలతో పడి ఉన్న కానిస్టేబుల్ అరుణ్ జాధవ్ చనిపోయాడనుకొని, వాడిని అలాగే ఉంచి దుండగులు ఆ బండినే నడుపుకొంటూ పోయారు. టైరు దెబ్బతిని బండి నడవకపోయేసరికి, ఒక స్కోడా కారును ఆపి, అందులో ఉన్నవారిని దింపి, దానిలో మెరైన్ డ్రైవ్ వైపు మళ్ళారు. వాళ్ళు దిగిపోయిన తరువాత జాధవ్ వైర్‌లెస్ అందుకొని కబురు చెప్పాడు. కంట్రోలు రూము నుండి స్కోడా కారును ఆపమని అన్ని స్టేషన్లకు వైర్‌లెస్ పోయింది.

గిర్గావ్ చౌపాటీ అంటే తిలక్ మహాశయునికి 1920లో అంత్యక్రియలు జరిగిన సముద్రతీరం. ఏటా గణపతి నిమజ్జనం జరిగేదీ అక్కడే. ఆ దారిలో డి.బి. మార్గ్ పోలీసు స్టేషనువారు నాకాబందీ పెట్టారు. ఇనుప బారికేడ్లు అడ్డం పెట్టి నిలబడ్డవారిలో ఒకరిద్దరు అధికారుల దగ్గర పిస్టళ్ళున్నాయి. ఎక్కువమంది చేతుల్లో లాఠీలే. ఓంబ్లేగారి చేతిలో ఉన్నదీ లాఠీయే.

అర్ధరాత్రి దాటి పన్నెండున్నర ప్రాంతంలో స్కోడా వచ్చింది. బారికేడుకు కొంత దూరంలోనే ఆగింది. హెడ్‌లైట్లు పూర్తిగా వెలిగించి, అద్దం మీద నీళ్ళు చిమ్ముతూ వైపర్లు తిప్పసాగారు. లోపల ఎవరున్నదీ బయటివారికి కనిపించకూడదని ఆ ఉపాయం. లైట్లు ఆపి చేతులు పైకెత్తి దిగమని పోలీసులు కేకలు వేశారు. కారు వెనక్కి తిప్పబోయి డివైడరును కొట్టుకొని నిలిచిపోయింది. పోలీసులు రెండు వైపుల నుండీ పరుగెత్తారు. స్టీరింగు దగ్గర ఉన్న ఇస్మాయిల్ కాల్పులకు దిగగా, అధికారులు తిరిగి కాల్చారు. అతడు అక్కడే దెబ్బతిని ఆ తరువాత చనిపోయాడు. ఎడమ వైపు తలుపు తీసుకొని కసబ్ దిగాడు. చేతిలో ఏకే-47.

ఓంబ్లేగారు ముందుకు ఉరికి ఆ తుపాకీ గొట్టం రెండు చేతులతో పట్టుకొన్నారు. వాడు మీట నొక్కాడు. గుళ్ళన్నీ ఆయన కడుపులోకి, ఛాతీలోకి పోయాయి. ఆయన చేతులు వదలలేదు. ఆయన వెనుక ఉన్నవారికి ఆ కొద్ది క్షణాలే చాలాయి. లాఠీలతో మీదపడి కసబ్‌ను ప్రాణాలతో పట్టుకొన్నారు. సంజయ్ గోవిల్కర్‌కు కూడా గుండు తగిలింది, ఆయన బతికారు. ఓంబ్లేగారు బతకలేదు.

దీనిని ఆవేశంలో చేసిన పని అని కొందరు అన్నారు. నాకు అలా తోచదు. తుపాకీ ఎరుగని మనిషి తుపాకీకి ఎదురుపోతే ఆవేశం అనవచ్చు. సైన్యంలో ఏళ్ళ తరబడి ఆయుధంతో బతికి వచ్చిన మనిషికి, మీట మీద వేలున్నవాడి గొట్టం పట్టుకొంటే ఆ గుళ్ళు ఎవరికి తగులుతాయో ఒకరు చెప్పాలా? గొట్టం తనవైపు ఉన్నంతసేపు మిగిలినవారి వైపు తిరగదు. అంతవరకే లెక్క. పొడుగు తుపాకీ పట్టినవాడిని లాఠీతో అడ్డుకొనే దారి మరొకటి లేదు.

ఇప్పుడు కాగితాల సంగతి. ఇది మన హైదరాబాదుకు నేరుగా సంబంధించినది కనుక కాస్త నిదానంగా చెబుతాను.

ఈ దుండగుల దగ్గర దొంగ గుర్తింపు కార్డులు ఉన్నాయి. కసబ్‌కు ఇచ్చిన కార్డు మీద పేరు సమీర్ దినేశ్ చౌధరి. చదువుతున్నది హైదరాబాదు దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక డిగ్రీ కళాశాల అట! కళాశాల పేరు, చిరునామా, పిన్‌కోడ్‌తో సహా ముద్రించారు. ఆనాటి దర్యాప్తుకు నాయకత్వం వహించిన రాకేశ్ మారియాగారు 2020లో వెలువడిన తన స్వీయచరిత్రలో ఈ ఎత్తును వివరించారు. కసబ్ చనిపోయి ఉంటే, చేతికి ఎర్ర దారంతో, ఆ కార్డుతో, ఆ హిందూ పేరుతోనే లోకానికి తెలిసేవాడని ఆయన రాశారు.

ఒక్క క్షణం ఆలోచించండి. అంతకు ఏడాది ముందే, 2007 ఆగస్టు 25న, గోకుల్ చాట్, లుంబినీ పార్కు పేలుళ్ళలో నలభైమందికి పైగా పోయిన నగరం మనది. ఆ గాయం ఆరకముందే, ముంబయిలో నూరుమందికి పైగా చంపినవాడు దిల్‌సుఖ్‌నగర్ కుర్రవాడని పేపర్లలో వచ్చి ఉంటే? తెల్లవారేసరికి ఆ కళాశాల ముందు ఏమి జరిగేది? నేను నలభై ఏళ్ళకు దగ్గరగా కాగితాల మధ్య బతికినవాడిని. దొంగ సర్టిఫికెట్లు చూశాను, దిద్దిన పుట్టిన తేదీలు చూశాను. కాగితానికి ఎదురు చెప్పడానికి మనిషి లేనప్పుడు కాగితమే నిజమైపోతుంది. ఆ రాత్రి కాగితానికి ఎదురు చెప్పే మనిషి ప్రాణాలతో దొరికాడు. వాడి పేరు, వాడి ఊరు పాకిస్తాన్ పంజాబులోని ఫరీద్‌కోట్ అని, వాడిని పంపినవారు ఎవరని – అన్నీ వాడి నోటనే వచ్చాయి. మొదట కాదు కాదన్న పాకిస్తాన్, 2009 జనవరిలో వాడు తమ పౌరుడేనని ఒప్పుకోక తప్పలేదు. ముందుగా బయటికి ఆ మాట అన్న వారి జాతీయ భద్రతా సలహాదారు మహమూద్ అలీ దురానీ పదవి పోగొట్టుకొన్నారు. అది వేరే కథ.

తరువాత జరిగినది పూర్తిగా రికార్డు పని. 2009 ఫిబ్రవరిలో దాఖలైన ఛార్జిషీటు పదకొండు వేల పేజీలకు పైమాట. ఆర్థర్ రోడ్ జైలు ఆవరణలోనే ప్రత్యేక న్యాయస్థానం ఏర్పాటు చేశారు. న్యాయమూర్తి ఎం.ఎల్. తహలియానీగారు. ప్రాసిక్యూటరు ఉజ్వల్ నికమ్‌గారు. ఆరువందలకు పైబడి సాక్షులు. నిందితుని తరఫున వాదించడానికి కోర్టే న్యాయవాదిని ఇచ్చింది. వీడికి వకీలెందుకు, భోజనమెందుకు అని ఆ రోజుల్లో మన ఇళ్ళలో కూడా అనుకొన్నాము. కాని అదే విచారణలో, వాడితోపాటు నిలబెట్టిన ఇద్దరు భారతీయ నిందితుల మీద ఆరోపణ రుజువు కాలేదని కోర్టు వారిని ఈ కేసులో నిర్దోషులుగా తేల్చింది. అందువల్లనే కసబ్ మీద వచ్చిన తీర్పుకు లోకంలో విలువ వచ్చిందని నా అభిప్రాయం. 2010 మే 6న మరణశిక్ష విధించారు. 2011 ఫిబ్రవరిలో బొంబాయి హైకోర్టు, 2012 ఆగస్టు 29న సుప్రీంకోర్టు దానిని ఖాయం చేశాయి. రాష్ట్రపతి క్షమాభిక్ష నిరాకరించగా, 2012 నవంబరు 21న పుణె ఎరవాడ జైలులో ఉరి తీశారు. ఆ దాడిలో 166 మంది పోయారు. వారి తరఫున ఇంత రికార్డు తయారు కావడానికి మొదటి కాగితం, చౌపాటీ రోడ్డు మీద ఆ అర్ధరాత్రి రాసిన పంచనామా.

లాఠీల మాట ఊరకే వదలకూడదు. ఆ దాడి మీద మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన రామ్ ప్రధాన్ కమిటీ, పోలీసుల ఆయుధాలలో, తూటాలలో, అభ్యాసంలో ఉన్న కొరతలను ఎత్తి చూపింది. తరువాత కొన్ని పనులు జరిగాయి. ఢిల్లీ నుండి జాతీయ భద్రతా దళం కమాండోలు వచ్చేసరికి ఆలస్యమైందని, 2009లో ఆ దళానికి ముంబయి, చెన్నై, కోల్‌కతాలతో పాటు మన హైదరాబాదులోనూ స్థావరం ఏర్పాటు చేశారు. జాతీయ దర్యాప్తు సంస్థ చట్టం 2008 డిసెంబరులోనే వచ్చింది. మంచిదే. అయితే ఇండెంటు పెట్టిన సామాను, పెట్టినవాడు పోయిన తరువాత మంజూరు కావడం మన ఆఫీసులలో కూడా చూసిన సంగతే. కుర్చీలకు, ఫ్యాన్లకు అయితే పరవాలేదు. జాకెట్లకు, తుపాకులకు అలా జరిగితే లెక్క మనుషుల్లో వస్తుంది.

2009 గణతంత్ర దినోత్సవం నాడు ఓంబ్లేగారికి మరణానంతరం అశోక్ చక్ర ప్రకటించారు. శాంతి సమయంలో చూపిన పరాక్రమానికి ఇచ్చే అత్యున్నత పురస్కారం అది. యుద్ధంలో పరమవీర చక్ర ఎటువంటిదో, యుద్ధం లేనప్పుడు ఇది అటువంటిది. ముంబయి దాడికి సంబంధించి ఆ రోజు ఆరుగురికి వచ్చింది. కర్కరే, కామ్టే, సాలస్కర్, జాతీయ భద్రతా దళానికి చెందిన మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్, హవల్దారు గజేందర్ సింగ్, ఓంబ్లే. ఇందులో ఐపిఎస్ అధికారులున్నారు, మేజరున్నాడు, హవల్దారున్నాడు, సహాయక ఫౌజ్‌దారున్నాడు. పతకం అందరికీ ఒక్కటే. జీతాల స్కేళ్ళలో ఎక్కడా కనిపించని సమానత్వం ఆ జాబితాలో కనిపించింది.

ఫ్యామిలీ పెన్షనర్లు ఎదుట ఉన్నారు గనుక, రెండు సర్వీసులు చేసినవారి కుటుంబాలకు పనికివచ్చే సంగతి ఒకటి ఇక్కడే చెబుతాను. ఇది ఓంబ్లేగారి కుటుంబం గురించి కాదు, సాధారణ నియమం. సైనిక పెన్షను తీసుకొంటూ పౌర ఉద్యోగంలో చేరిన మాజీ సైనికుడు చనిపోతే, ఒకప్పుడు భార్యకు రెండు ఫ్యామిలీ పెన్షన్లు వచ్చేవి కావు, ఏదో ఒకటి కోరుకోవలసి వచ్చేది. 2012 సెప్టెంబరు 24 నుండి ఆ నిబంధన మార్చారు. సైన్యం వైపు నుండి వచ్చేదీ, పౌర శాఖ వైపు నుండి వచ్చేదీ రెండూ పొందవచ్చు. కేంద్ర శాఖలే కాదు, రాష్ట్ర ప్రభుత్వ శాఖలలో తిరిగి చేరినవారి కుటుంబాలకూ ఇది వర్తిస్తుంది. మీ బంధువులలో, ఇరుగుపొరుగులో అటువంటి ఇల్లాలు ఎవరైనా ఉండి, ఇంకా ఒక్క పెన్షనుతోనే ఉన్నట్లయితే, డిశ్చార్జి బుక్కు, పాత పీపీవో తీసుకొని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి పొమ్మని చెప్పండి. దరఖాస్తు రాయడం రాకపోతే సభ అయ్యాక నా దగ్గరికి పంపండి, నేను రాసిపెడతాను.

ఓంబ్లేగారి జ్ఞాపకార్థం జరిగినవి మరి రెండు మూడు ఉన్నాయి. 2021లో మహారాష్ట్రలో కొత్తగా కనుగొన్న ఒక గెంతే సాలీడుకు శాస్త్రజ్ఞులు 'ఇసియస్ తుకారామీ' అని పేరు పెట్టారు. సాలీడుకు పేరు పెట్టడమేమిటి అని నవ్వకండి. శాస్త్రంలో ఒకసారి పెట్టిన పేరు మన గెజిట్ నోటిఫికేషన్ లాంటిది, ప్రభుత్వాలు మారినా మారదు. 2025లో కేడంబే గ్రామంలో స్మారకం నిర్మించడానికి మహారాష్ట్ర ప్రభుత్వం నిధులు మంజూరు చేసింది. ఆయన పడిపోయిన చోటికి దగ్గరలోనే, గిర్గావ్ చౌపాటీ రోడ్డు పక్కన విగ్రహం ఉన్నది. ముంబయిలో పిల్లల దగ్గరికి పోయేవారు మనలో చాలామంది ఉన్నారు గదా. లోకల్ బండిలో చర్నీ రోడ్ స్టేషనులో దిగితే, మన మోకాళ్ళతో కూడా నడిచిపోగలిగినంత దూరమే. సాయంత్రం పూట అయితే ఎండ ఉండదు, తీరం వెంట కూర్చోవడానికి చోటు కూడా దొరుకుతుంది.